వచ్చిన మనిషిని రాలేదన్నారు

ఎవరైనా నా ముందు విమానం మాట ఎత్తి, అబ్బ ఎంత సుఖమో అంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. పైకి ఏమీ అనను. అనడం నాకు చేతకాదు. లోపల మాత్రం ఆ చలికాలమంతా మళ్ళీ కుతకుత ఉడుకుతుంది.

ఆ చలికాలం మొదట్లోనే మా అమ్మమ్మ కోల్డ్ స్టోరేజీలో రిటైరైంది. మా ఊరి చివర, పళ్ళతోటలు అయిపోయే చోట ఉంటుంది ఆ స్టోరేజీ. కిటికీలు లేని గోడలు, లావుపాటి తలుపులు, లోపల చీకటి, చలి, కప్పుదాకా పేర్చిన ఆపిల్ పెట్టెలు. అక్కడ ఆడవాళ్ళు జోడీలుగా పనిచేస్తారు. ఒకరు లోపలికి వెళ్ళి పెట్టెలు దించి కుళ్ళిన పళ్ళు ఏరుతుంటే, రెండోవాళ్ళు తలుపు దగ్గర నిలబడాలి. మధ్యమధ్యలో అరచేత్తో తలుపు మీద కొట్టాలి. లోపలున్నవాళ్ళు తిరిగి కొట్టాలి. జవాబు రాకపోతే ఎవరినీ అడగక్కర్లేదు, తలుపు తీసెయ్యడమే. జోడీ బయటికి రానిదే అక్కడినుంచి కాలు కదపకూడదు. ఇది యజమానులు పెట్టిన నియమం కాదు, ఎప్పుడో ఒకామె లోపల చిక్కుకుపోయినప్పటినుంచి ఆడవాళ్ళే పెట్టుకున్నది. అమ్మ పనిలో చేరిన రోజునుంచీ అమ్మమ్మకి జోడీ అమ్మే.

అన్నేళ్ళ చలి అమ్మమ్మ వేళ్ళలోకీ మోకాళ్ళలోకీ దిగిపోయింది. పొద్దున లేవగానే ఆమె వేళ్ళు కట్టెపుల్లల్లా బిగుసుకుపోయి ఉండేవి. స్వెటర్ గుండీలు నేనే పెట్టేదాన్ని. నేను బడికి వెళ్ళే తొందరలో ఉంటే అమ్మ పెట్టేది.

ఆఖరిరోజు పనినుంచి వచ్చి, పొయ్యి దగ్గర చేతులు కాచుకుంటూ అమ్మమ్మ మామూలుగా, నీళ్ళు అడిగినంత మామూలుగా చెప్పింది.

"నేను ట్రాక్టరమ్మ దగ్గరికి పోతున్నానే."

ట్రాక్టరమ్మ అంటే స్టోరేజీలో ట్రాక్టరు నడిపిన ఆవిడ. అమ్మమ్మకి ప్రాణస్నేహితురాలు. ఆమె ముందే రిటైరై, ఎక్కడో సముద్రం పక్కన, ఏడాది పొడుగునా ఎండకాసే దేశంలో రెండు గదుల ఇల్లు తీసుకుని ఉంటోంది. అలా రిటైరైనవాళ్ళకి ఆ దేశంవాళ్ళు వీసా ఇస్తారట. ఫోన్‌లో కనిపించినప్పుడల్లా విసనకర్రతో విసురుకుంటూ, నుదుటిమీద చెమట తుడుచుకుంటూ ఉండేది. ఆ చెమటని అమ్మమ్మ కళ్ళార్పకుండా చూసేది.

"చూసి రావడానికా?" అంది అమ్మ.

"ఉండడానికి."

అమ్మ చేతిలో గరిట ఆగిపోయింది. "ఉండడానికా? ఈ వయసులో? దేశం కాని దేశంలో? ఊళ్ళోవాళ్ళు ఏమంటారో ఆలోచించావా? కూతురు గెంటేసిందంటారు."

"అంటే అననీ. గెంటించుకునే మొహమా నాది?"

"నీకిక్కడ ఏం తక్కువైందమ్మా? గుండీలు పెట్టడానికి మేం లేమా?"

"అసలు గుండీలే అక్కర్లేని చోటికి పోతానంటున్నానే పిల్లా."

నాకు నవ్వు వచ్చింది. అమ్మ నావైపు చూసిన చూపుకి ఆ నవ్వు గొంతులోనే చచ్చిపోయింది. నాన్న లారీ మీద దూరాలు తిరుగుతాడు, ఇంట్లో ఉండేది తక్కువ. ఇంట్లో మనుషులంటే మేం ముగ్గురమే. అందులో ఒకరు పోతాననడం అమ్మకి ఎలా ఉందో నాకు తెలుసు. కానీ పొద్దున్నే ఆ వేళ్ళు పట్టుకునేది కూడా నేనే. అందుకని నేను మనసులో అమ్మమ్మ పక్షం.

వీసా వచ్చింది. అది వచ్చినప్పుడే ఒక మెలిక కూడా వచ్చింది. ఆ చలికాలం అయిపోయేలోగా ఆ దేశంలో అడుగు పెట్టాలి. పెట్టకపోతే వీసా పోతుంది. మళ్ళీ అడగడానికి ఉండదు, ఎందుకంటే ఈలోగా అమ్మమ్మ వయసు, ఆ దేశంవాళ్ళు పెట్టిన హద్దు దాటిపోతుంది. ముసలివాళ్ళకి చోటిస్తారట, మరీ ముసలివాళ్ళకి ఇవ్వరట! ఆ మాట చదివి వినిపించినప్పుడు అమ్మమ్మ, "అయితే నేను ఇంకా మామూలు ముసలిదాన్నే అన్నమాట," అని మురిసిపోయింది.

టికెట్టు మామయ్య తీశాడు. అమ్మ తమ్ముడు, పట్నంలో ఆఫీసులో ఉద్యోగం. టికెట్టు తీసినందుకు ఆ విమానం తానే తయారుచేసినంత ఇదిగా మాట్లాడాడు. అమ్మమ్మ ఎక్కువ దూరం నడవలేదు కాబట్టి వీల్‌చెయిర్ కూడా రాయించాడు. అమ్మమ్మ సంచీని స్టోరేజీ కాటా మీద పెట్టి తూచాం. ఆపిల్ పెట్టెలు తూచే కాటా అది. అక్కడి ఆడవాళ్ళంతా చుట్టూ మూగారు. "మొదటి రకమా, రెండో రకమా?" అని ఒకామె ఎగతాళి చేస్తే, "ఎగుమతి రకం," అంది అమ్మమ్మ.

అంతవరకూ బాగానే ఉంది. తర్వాత మొదలైంది.

ముందుగా తేదీ మార్చామని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఎందుకో చెప్పలేదు. "మీ సహకారానికి కృతజ్ఞతలు" అని మాత్రం ఉంది. మేం ఎప్పుడు సహకరించాం? ఎవరు అడిగారు మమ్మల్ని? ఆ తర్వాత దారి కూడా మార్చారు. ఇదివరకు రెండు విమానాలు. మొదటిది దిగి రెండోది ఎక్కాలి. ఇప్పుడూ రెండే, కాకపోతే మొదటిది దిగేసరికి రెండోది ఎగిరిపోయి ఉంటుంది! నేను చదివింది తప్పేమోనని మళ్ళీ మళ్ళీ చూశాను. తప్పు కాదు.

విమానం కంపెనీకి ఫోన్ చెయ్యడం నా పని. అమ్మకి ఆ బటన్ల గోల పడదు. నాకు మనుషులతో కన్నా మెషీన్‌తో నయం, కనీసం అది నా మొహం చూడదు. ఒకటి నొక్కండి, నాలుగు నొక్కండి, మీ కాల్ మాకెంతో ముఖ్యం, లైన్‌లోనే ఉండండి. ఆ పాట వినీ వినీ అమ్మమ్మకి కంఠతా వచ్చేసింది, కూరగాయలు తరుగుతూ అదే కూనిరాగం తీసేది. చివరికి ఒకామె పలికింది. నాకు నోరు పెగల్లేదు. అమ్మమ్మ ఫోన్ లాక్కుంది.

"అమ్మా, నా మొదటి విమానం దిగకముందే రెండోది పోతుందట. మరి నేనెలా ఎక్కాలి?"

"సిస్టం ఒప్పుకుంది మేడమ్. సిస్టం ఒప్పుకుంటే కుదిరినట్టే."

"సిస్టం ఒప్పుకుంటే సరిపోతుందా? నా కాళ్ళు ఒప్పుకోవద్దూ?"

"ఇంకేమైనా సహాయం కావాలా మేడమ్?"

"ఇంకేమైనా ఏంటి తల్లీ, అసలు ఏం చేశావని?"

ఫోన్ పెట్టేశారు. పెట్టేశాక, మా సేవ ఎలా ఉందో చెప్పమని మెసేజ్ వచ్చింది.

మామయ్య పట్నంలో ఆ కంపెనీ ఆఫీసు చుట్టూ తిరిగి ఆ ముడి ఎలాగో విప్పించాడు. కొత్త తేదీన సంచీ సర్దుకుని, ఇల్లిల్లూ తిరిగి వెళ్ళొస్తానని చెప్పి, తెల్లవారుజామునే బస్సెక్కాం. సగం దారిలో మెసేజ్. పొగమంచు వల్ల విమానం రద్దు. నేను బస్సు కిటికీలోంచి బయటికి చూశాను. ఎండ ఫెళఫెళ కాస్తోంది. ఎక్కడి పొగమంచో, ఎవరి కళ్ళకి కమ్మిందో!

ఆ రోడ్డు పక్కన దిగి, అటునుంచి వచ్చే బస్సుకోసం సంచీ మీద కూర్చుంది అమ్మమ్మ. ఊళ్ళోకి వచ్చేసరికి కొట్టు ఆయన బయటే ఉన్నాడు.

"అప్పుడే వెళ్ళి వచ్చేశారా? సముద్రం ఎలా ఉంది?"

"తడిగా ఉంది," అంది అమ్మమ్మ, తల తిప్పకుండా.

అది విని అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఇంట్లోకి వచ్చాక మాత్రం గోడవైపు తిరిగి పడుకుంది. అమ్మ ఆ రోజంతా చకచకా పనులు చేసింది. అమ్మమ్మ దుప్పట్లు ఎండలో వేసింది, మంచం పొయ్యి గదిలోకి జరిపింది, వేడినీళ్ళు కాచి మోకాళ్ళకి కాపడం పెట్టింది. నోటితో ఒక్క మాట అనలేదు గానీ, ఆమె నడకలోనే తెలుస్తోంది. బరువు దింపుకున్న మనిషి నడక అది. నాకు అమ్మమీద ఎంత కోపం వచ్చిందంటే అన్నం దగ్గర కూర్చోకుండా లేచిపోయాను. ఎందుకు లేచావని ఎవరూ అడగలేదు. మాట్లాడని పిల్ల అలిగినా ఎవరికీ తెలియదు.

"ఇదంతా చూస్తుంటే నీకు పోవద్దనే అనిపించడంలేదా అమ్మా?" అంది అమ్మ కాపడం పెడుతూ.

"ఎవరు చెప్తున్నారు పోవద్దని? విమానం కంపెనీయా? వాళ్ళెవరే నాకు చెప్పడానికి?"

వీసా గడువు దగ్గరపడుతుండగా ఇంకో తేదీ ఇచ్చారు. అదే ఆఖరుది. అది తప్పితే ఇక అంతే.

ఈసారి అనుకున్న రోజే విమానాశ్రయానికి చేరాం. మామయ్య అక్కడికే వచ్చాడు. లోపల ఎటు చూసినా అద్దాలు, నున్నటి నేల, ఎక్కడా కూర్చునే చోటు లేదు. కౌంటర్‌లో అమ్మాయి సంచీ తీసుకుని, వీల్‌చెయిర్ మనిషి వస్తాడు ఉండమంది. బూడిదరంగు యూనిఫాం ఆయన ఒకడు వచ్చి అమ్మమ్మని కుర్చీలో కూర్చోబెట్టాడు. అమ్మమ్మ అప్పటికే పల్చటి నూలు బట్టలు వేసుకుని ఉంది. స్వెటర్ విప్పి అమ్మ చేతిలో పెట్టింది.

"ఇక దీంతో నాకు పని లేదు."

అమ్మ దాన్ని మడతపెట్టి చంకలో పెట్టుకుంది. ఇద్దరూ ఏడవలేదు. "విమానంలో కూర్చోగానే ఒకసారి, చేరాక ఒకసారి ఫోన్ చెయ్యి," అంది అమ్మ. "చేస్తాలే," అంది అమ్మమ్మ. అద్దాల తలుపు తెరుచుకుంది, కుర్చీ లోపలికి పోయింది, తలుపు మూసుకుంది. టికెట్టు లేని మాలాంటి వాళ్ళకి అక్కడితో సరి.

మామయ్య వెళ్దామన్నాడు. అమ్మ కదల్లేదు. ఆ తలుపు ఎదురుగానే నిలబడింది. పైన బోర్డు మీద ఆ విమానం పేరు కింద అక్షరాలు మారుతూ వచ్చాయి. చివరికి "బయలుదేరింది" అని పడింది.

"అయిపోయిందిగా అక్కా, ఇక పద. నాకు ఆఫీసుంది."

"కాసేపుండు."

"ఇంకా దేనికి? ఎగిరిపోయింది విమానం."

"ఫోన్ చెయ్యలేదురా. కూర్చోగానే ఒకసారి చేస్తానంది."

మామయ్య నావైపు చూసి కళ్ళెగరేశాడు. "మీ అమ్మకి చాదస్తం కోడలా." అతను ఆ మాట అంటుండగానే అమ్మ ఫోన్ మోగింది. తెలియని నంబరు. అవతల ఎవరో ఆడమనిషి. నేను ఇక్కడ నేల తుడుచుకునే మనిషినండి, ఇక్కడ ఒక పెద్దావిడ వణికిపోతోంది, ఈ నంబరు చెప్పింది, మాట్లాడండి అంది. తర్వాత అమ్మమ్మ గొంతు.

"నేనిక్కడే ఉన్నానే. ఎవ్వరూ రాలేదు."

తర్వాత తెలిసిందంతా ఇక్కడే చెప్పేస్తాను. ఆ బూడిదరంగు యూనిఫాం ఆయన అమ్మమ్మని ఒక పొడుగాటి వరండాలో గోడవారన ఆపి, ఇప్పుడే వస్తానని వెళ్ళాడు. వెళ్ళినవాడు వెళ్ళినట్టే. నెత్తిమీద ఏసీ గాలి ధారగా పోస్తోంది. మేడ మీద స్టోరేజీ పెట్టినట్టుందని అమ్మమ్మ అంది. లేచి నడవలేదు. అటు వెళ్ళే యూనిఫాం వాళ్ళని పిలిస్తే, మీ మనిషి వస్తాడు కూర్చోండి అన్నారు. మాకు ఫోన్ చేద్దామంటే వేళ్ళు బిగుసుకుపోయాయి. ఆ నున్నటి ఫోన్ మీద గీత గీసి తెరవాలి కదా, ఆ గీత పడలేదు. ఫోన్ ఒళ్ళో పెట్టుకుని, తన విమానం పేరు మైకులో పిలుస్తుంటే వింటూ కూర్చుంది.

అమ్మ నాకు ఫోన్ ఇచ్చేసి తలుపు దగ్గరికి నడిచింది. గార్డు చెయ్యి అడ్డం పెట్టాడు.

"టికెట్టు?"

"లోపల మా అమ్మ ఉంది."

"టికెట్టు లేకుండా పంపకూడదమ్మా. ఆ కౌంటర్‌లో కంప్లైంట్ రాయండి, వాళ్ళు చూసి..."

అమ్మ అతన్ని తోసుకుని పోలేదు. అరవలేదు. అతని చెయ్యి పక్కనుంచి తన చెయ్యి చాపి, అరచేత్తో ఆ తలుపు మీద కొట్టింది. ధన్. ఆగింది, చెవి ఒగ్గింది. మళ్ళీ కొట్టింది. ధన్. ధన్. స్టోరేజీలో ఎలా కొడుతుందో అలాగే, లయ తప్పకుండా. అంత పెద్ద హాల్లో ఆ చప్పుడు ఎంత మోగిందంటే, అటు వరుసల్లో నిలబడ్డవాళ్ళంతా వెనక్కి తిరిగారు.

"ఏంటమ్మా ఇది! పోలీసుల్ని పిలవమంటారా?"

"పిలువు. నా జోడీ లోపలుంది. బయటికి వచ్చేదాకా నేను కదలను." ధన్.

మామయ్య సిగ్గుతో నాలుగడుగులు వెనక్కి వేసి ఎవరో తెలియనట్టు నిలబడ్డాడు. నేనూ సిగ్గుపడే పిల్లనే. కానీ ఆ క్షణాన వెళ్ళి అమ్మ పక్కన నిలబడ్డాను. ఏమీ చెయ్యలేదు, ఊరికే నిలబడ్డాను.

టై కట్టుకున్న ఆఫీసరు ఒకడు పరుగున వచ్చాడు. చేతిలోని వాకీటాకీలో ఏదేదో మాట్లాడాడు. చాలాసేపటికి ఆ తలుపు తెరుచుకుంది. అమ్మమ్మ కుర్చీని తోసుకొచ్చింది యూనిఫాం ఆయన కాదు, ఫోన్ చేసిన తుడుచుకునే మనిషే. కుర్చీ వెనక తన చీపురుకట్ట, బకెట్టు కూడా తెచ్చుకుంది. అమ్మమ్మ పెదవులు నీలంగా ఉన్నాయి. నాకు తెలిసిన అమ్మమ్మలో సగమే ఉన్నట్టుంది ఆ కుర్చీలో.

ఆఫీసరు మమ్మల్ని కౌంటర్ దగ్గరికి తీసుకెళ్ళి, కంప్యూటర్‌లో చూసి, తాపీగా తలూపాడు.

"ప్రయాణికురాలు గేటు దగ్గరికి రాలేదు. నో షో అని ఉంది. అలా అయితే టికెట్టు రద్దవుతుంది."

"రాలేదా?" అంది అమ్మ. ఆమె కింద కూర్చుని అమ్మమ్మకి స్వెటర్ తొడుగుతోంది. "ఇదిగో వచ్చింది కదా. కనపడటంలేదా?"

"గేటు దగ్గరికి రాలేదమ్మా."

"నడవలేదనే కదా మీ కుర్చీలో కూర్చోబెట్టుకున్నారు? మీ కుర్చీ రాకపోతే ఆమె రానట్టా?"

"వీల్‌చెయిర్ మాది కాదమ్మా, వేరే ఏజెన్సీది. వాళ్ళకి షిఫ్టు మారింది. ఒకరు చెప్తే ఇంకొకరికి అందలేదు."

"షిఫ్టు మారితే మనిషిని వదిలేసి పోతారా? మా పళ్ళకైనా ఒకరు కాపలా ఉంటారు."

అప్పుడే పక్కన బెల్టు మీద ఒక సంచీ రావడం నేను చూశాను. మా కాటా మీద తూచిన సంచీ. ఆ తాళ్ళు కట్టింది నేనే. విమానంలోంచి దింపి పంపించారు. అమ్మ చెవిలో చెప్పాను. అమ్మ లేచి నిలబడి, అందరికీ వినపడేలా అంది.

"ఆ సంచీ ఎవరిది?"

ఆఫీసరు చూశాడు. "మీదే. ప్రయాణికురాలు రాకపోతే సామాను దింపెయ్యాలి, రూలు."

"అంత విమానంలో సంచీని వెతికి దింపారు. మనిషిని మాత్రం వెతకలేదు."

వరుసలో ఎవరో "అయ్యో" అన్నారు. ఇంకెవరో, నా సూట్‌కేసు పోయి వారమైంది పట్టించుకునే దిక్కులేదు అని అందుకున్నారు. ఆఫీసరు టై వదులు చేసుకున్నాడు.

"చూడండమ్మా. జరిగినదానికి చింతిస్తున్నాం. ఏడాదిలోగా ఎప్పుడైనా వాడుకునేలా ఇంకో టికెట్టుకి ఓచర్ ఇప్పిస్తాను. రేపటి విమానాలు నిండిపోయాయి. ఎండాకాలంలో హాయిగా వెళ్ళొచ్చు."

ఎండాకాలానికి వీసా ఉండదు. ఆ సంగతి మా నలుగురికీ తెలుసు. మామయ్య ముందుకు వచ్చి మెల్లిగా అన్నాడు.

"తీసుకుందాం అక్కా. గొడవెందుకు? వాళ్ళ రూల్స్ వాళ్ళకుంటాయి. అయినా నీక్కావలసింది కూడా ఇదేగా."

అమ్మమ్మ కళ్ళు మూసుకునే ఉంది. "అవునే. పదండి ఇంటికి పోదాం. ఇంక నావల్ల కాదు. ఎక్కడుంటే ఏంటి."

అమ్మ మళ్ళీ కింద కూర్చుంది. స్వెటర్ గుండీలు ఒక్కొక్కటే పెట్టింది. తొందరపడలేదు. పైగుండీ పెట్టాక కాలర్ సరిచేసింది. అమ్మమ్మ చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని, నోటి దగ్గర పెట్టుకుని ఊదింది. అమ్మ ఏమంటుందో నాకు తెలుసనే అనుకున్నాను. అన్ని రోజులుగా ఆ మాటకోసమే కదా ఎదురుచూసింది! పోదాం పద అంటుంది, సంచీ అందుకుంటుంది, అంతే.

"రేపు విమానం ఎన్నింటికి?" అని అడిగింది అమ్మ, ఆఫీసరుని.

"నిండిపోయిందని చెప్పాను కదమ్మా."

"విన్నాను. ఎన్నింటికి?"

"పొద్దున్నే. కానీ..."

"ముందు ఆ కంప్యూటర్‌లో రాలేదన్న మాట తీసెయ్యండి. ఈమె వచ్చింది. అందరికంటే ముందు వచ్చింది. వచ్చిందని రాయండి. తర్వాత రేపటి విమానంలో చోటు చూడండి. మేం ఇక్కడే ఉంటాం."

అమ్మమ్మ కళ్ళు తెరిచి అమ్మవైపు చూసింది.

అంత సులువుగా ఏమీ కాలేదు. ఆ మాట తీసే అధికారం నాకు లేదన్నాడు. ఉన్నవాళ్ళు వస్తారన్నాడు. వచ్చినావిడ, ఏజెన్సీవాళ్ళు రాసిస్తే తీస్తామంది. ఏజెన్సీ మనిషి, కంపెనీవాళ్ళు అడిగితే రాస్తామన్నాడు. ఒకళ్ళ మీద ఒకళ్ళు నెట్టుకుంటుంటే అమ్మ ఇద్దర్నీ పిలిచి ఎదురెదురుగా నిలబెట్టి, "ఇప్పుడు అడగండి. ఇప్పుడు రాయండి," అంది. తుడుచుకునే మనిషి డ్యూటీ దిగిపోయి కూడా వెళ్ళలేదు. నేను చూశాను, గోడవారన వదిలేసి పోయారు, ఎక్కడ చెప్పమంటే అక్కడ చెప్తాను అంది. ఆ మాట అన్నందుకు ఆమె ఉద్యోగానికి ఏమైనా అవుతుందేమో అని నాకు భయం వేసింది. ఆమెకి వేసినట్టు లేదు.

చీకటి పడకముందే చోటు దొరికింది. నిండిపోయిన విమానంలో చోటు ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేదు. అంటే ముందునుంచీ ఉన్నట్టే కదా! ఇది తలుచుకుంటేనే నాకు ఇప్పటికీ మంట. అడిగినవాళ్ళకి ఉన్న చోటు అడగనివాళ్ళకి ఎందుకు లేదు? అమ్మ ఆ రోజు తలుపు దగ్గర లేకపోతే? మామయ్య మాట విని మేం బస్సెక్కేసి ఉంటే?

మామయ్య ఆఫీసుందని వెళ్ళిపోయాడు. అమ్మమ్మ ఆ కుర్చీలోనే, మేం ఆ నున్నటి నేలమీదా పడుకుని తెల్లవార్చాం. పొద్దున బూడిదరంగు యూనిఫాంలో ఇంకొకతను వచ్చి కుర్చీ పట్టుకోబోతే అమ్మ అతని చెయ్యి తీసేసింది.

"నేను తోసుకెళ్తాను. విమానం తలుపుదాకా."

"అలా కుదరదమ్మా."

అమ్మ టై ఆఫీసరువైపు చూసింది, అంతే. అతను ఏదో పాసు రాసి ఇచ్చాడు. పాపం, అతనికీ నిద్ర లేదు.

అమ్మమ్మ స్వెటర్ వేసుకునే ఉంది. "ఈసారి అక్కడ దిగేదాకా విప్పను," అంది. నన్ను దగ్గరికి పిలిచి, అమ్మ వినకుండా, బిగుసుకున్న చేత్తో నా చెంప మీద తట్టింది.

"కోపం ఉన్నంతసేపూ మీ అమ్మకేం కాదు. అది దిగాక నువ్వు దగ్గరుండు."

తలుపు తెరుచుకుంది. ఇద్దరూ లోపలికి వెళ్ళారు. నేనొక్కదాన్నే బయట నిలబడ్డాను. అమ్మ తిరిగొచ్చేసరికి బోర్డు మీద "బయలుదేరింది" అని పడింది. ఆమె చేతులు ఊరికే ఇటూ అటూ ఊగుతున్నాయి, ఏం పట్టుకోవాలో తెలియనట్టు.

బస్సెక్కగానే మొదలుపెట్టింది. ఆ టై ఆఫీసరుని, ఆ కౌంటర్ అమ్మాయిని, షిఫ్టు మారినవాడిని, పొగమంచుని, మీ కాల్ మాకెంతో ముఖ్యం అనే ఆ ఆడగొంతుని, ఒక్కొక్కరినీ పేరుపేరునా తిట్టింది. పేర్లు తెలియనివాళ్ళకి తనే పేర్లు పెట్టి తిట్టింది. సంచీని దింపి మనిషిని వదిలేస్తారా, వీళ్ళ విమానాలు తగలెయ్య! ఊళ్ళు దాటుతున్నాయి, పళ్ళతోటలు వచ్చాయి, అమ్మ ఆగలేదు. నేను ఊఁ కొడుతూనే ఉన్నాను. ఆగితే ఏమవుతుందో అని నాకు గుబులు.

ముందు సీట్లో పెద్దాయన చాలాసేపటినుంచి వింటున్నాడు. చివరికి ఉండబట్టలేక, జాలిగా వెనక్కి తిరిగాడు.

"ఏమ్మా, విమానం తప్పిపోయిందా?"

అమ్మ నోరు తెరిచింది. మూసింది.

"లేదండీ," అంది. "దొరికింది."

తర్వాత ఇక ఏమీ మాట్లాడలేదు. నేను జరిగి ఆమెకి ఆనుకుని కూర్చున్నాను.